కీళ్ల నొప్పి: టెస్టులకు ముందు మీరే చూసుకోవాల్సినవి

నేను గుంటూరులో ఫిజియోథెరపిస్టుని. కీళ్ల నొప్పులని వచ్చేవాళ్లలో చాలామంది ఎక్స్‌రే కవరు నా బల్ల మీద పెట్టి, "గుజ్జు అరిగిపోయిందంటమ్మా" అని కూర్చుంటారు. కవరు తరవాత చూద్దాం అంటాను. ముందు నాకు కావాల్సింది వేరే: పొద్దున లేచాక కీళ్ల పట్టు వదలడానికి ఎంతసేపు పడుతోంది?

ఉజ్జాయింపుగా కాదు, వారం రోజులు గడియారం చూసి రాసుకోండి. లేవగానే మోకాళ్లు పట్టేసి, నాలుగడుగులు వేశాక పది పదిహేను నిమిషాల్లో సర్దుకుని, మెట్లెక్కినప్పుడూ సాయంత్రం పూటా నొప్పి పెరుగుతుంటే అది ఎక్కువగా అరుగుదల, అంటే ఆస్టియో ఆర్థరైటిస్. అలా కాకుండా పిడికిలి బిగించలేక, జడ అల్లుకోలేక గంట దాటిపోతూ, పనిలో పడ్డాక చేతులు తేలికపడుతుంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ని అనుమానించాలి. ఇది అరుగుదల కాదు. మన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొర మీద దాడి చేస్తుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. వయసు మీద పడ్డాకే రావాలని లేదు, ముప్ఫైల్లోనూ వస్తుంది.

తరవాత కాగితం మీద చెయ్యి పెట్టి చుట్టూ గీసి, నొప్పి ఉన్న చోటల్లా చుక్క పెట్టండి. చుక్కలు గోళ్ల దగ్గరి కణుపుల మీద, బొటనవేలి మొదట్లో పడితే అరుగుదల వైపు. పిడికిలి కణుపులు, మణికట్లు, అదీ రెండు చేతులకూ అయితే రుమటాయిడ్ వైపు. రాత్రికి రాత్రే కాలి బొటనవేలి మొదలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ప్రాణం పోతున్నట్టుంటే గౌట్, అంటే యూరిక్ యాసిడ్ కీళ్లలో స్ఫటికాలుగా పేరుకునే జబ్బు. యూరిక్ యాసిడ్ పేరు చెప్పి పప్పు, పాలకూర మానేసినవాళ్లని చూస్తుంటాను. కార్జం, బీరు సంగతి మాత్రం ఎత్తరు! అసలు గౌట్‌ని పెంచేది కార్జం, బీరులాంటివే. నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగా కనిపించవచ్చు. నొప్పే లేకుండా అంకె ఒక్కటే ఎక్కువుంటే అది గౌట్ అయిపోదు.

కుర్రాళ్ల నడుం నొప్పినీ తేలిగ్గా తీసుకోవద్దు. నలభై అయిదేళ్ల లోపు మొదలై, మూడు నెలలు దాటి, తెల్లవారుజామున నిద్ర లేపేసి, పడుకుంటే పెరిగి నడిస్తే తగ్గే నొప్పికి ఆఫీసు కుర్చీని తిట్టి లాభం లేదు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్నెముక కీళ్లలో వాపు తెచ్చే జబ్బు కావచ్చు. తలలో, మోచేతుల మీద పొలుసులు రాలుతున్నా (సోరియాసిస్ కీళ్లలోకీ దిగుతుంది), ఈమధ్య చికున్‌గున్యా వచ్చినా డాక్టరుకి చెప్పండి. చికున్‌గున్యా నొప్పులు నెలల తరబడి వేధిస్తాయి.

ఒకే కీలు వాచి, కాలుతూ, జ్వరం కూడా ఉంటే ఈ రాతకోతలేవీ వద్దు. కీలులో చీము పట్టి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

రుమటాయిడ్ కోసం చేసే రక్తపరీక్ష ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండకండి, పాజిటివ్ వచ్చిందని ఏడవకండి. జబ్బు ఉన్నవాళ్లలో కొందరికి నెగటివ్, లేనివాళ్లలో కొందరికి పాజిటివ్ వస్తుంది. యాంటీ సీసీపీ అనే మరో రక్తపరీక్ష ఇంతకంటే నమ్మదగ్గది. మోకాళ్ల ఎక్స్‌రే అయితే నిలబెట్టి తీయమనండి. రుమటాయిడ్ అనుమానం ఉంటే రుమటాలజిస్టు (ఇలాంటి కీళ్ల జబ్బుల స్పెషలిస్టు) దగ్గరికి మొదటి నెలల్లోనే వెళ్లాలి. వేళ్లు వంకర తిరిగాక వాటిని మందులతో వెనక్కి తేలేం.

అక్కడ సాధారణంగా మొదలుపెట్టే మందు మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అది సోమవారమో, మంగళవారమో డబ్బా మీద పెద్దగా రాయండి, అమ్మానాన్నలకైతే మీరే చేతికివ్వండి. దాంతోపాటు రాసిచ్చే ఫోలిక్ యాసిడ్ ఎప్పుడు వేసుకోవాలో కూడా పక్కనే రాయండి. మధ్యమధ్య రక్తపరీక్షలు మానకూడదు. గర్భం కోసం చూస్తున్నవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఇక సందు చివర వేయించుకునే "నొప్పి ఇంజెక్షన్"లో స్టెరాయిడ్ ఉండొచ్చు. హాయిగానే ఉంటుంది, షుగరూ బీపీ పెరుగుతాయి. చాన్నాళ్లుగా స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు.

అరుగుదలేనని తేలితే ఇక నా పని. కుర్చీలో కూర్చుని ఒక కాలు నేరుగా చాపి, అయిదు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకి రెండు పూటలా. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. కిలో బరువు తగ్గితే అడుగడుగునా మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. చేతికర్ర నొప్పి ఉన్న కాలికి ఎదురు చేత్తో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లు రోజంతా నేల మీదే కూర్చుంటారు. వాళ్లని పని మానేయమంటే ఇల్లెలా గడుస్తుంది? ఎత్తు పీట వేసుకుని గంటకోసారి లేచి నడవమంటాను.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ వారం రాసుకున్న కాగితం, చేతి బొమ్మ, ఇప్పటిదాకా వాడిన మందుల అట్టలు పట్టుకెళ్లండి, నాటు మందులైనా సరే. వాపు కనిపించిన రోజే ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. అపాయింట్‌మెంట్ నాటికి అది తగ్గిపోయి ఉంటుంది.