నాన్నకి హోమ్ థియేటర్ కొనేముందు ఒక సాయంత్రం పక్కన కూర్చోండి

"మంచి హోమ్ థియేటర్ ఒకటి చూసి పెట్టరా, డబ్బులు మాత్రం దండగ కాకూడదు" అని నాన్న అనగానే నేను చేసిన మొదటి పని ఫోన్ తీసి 5.1 అని కొట్టి, వచ్చినవాటిలో ఎక్కువ వాట్లు రాసి ఉన్నదాన్ని తెప్పించడం. అయిదు స్పీకర్లు, మోకాలెత్తు సబ్ వూఫర్ (బేస్, అంటే దభేల్‌మనే లోతైన శబ్దాలు ఇచ్చే పెట్టె), గోడల వెంట వైర్లు, ఒక ఆదివారం మొత్తం కూర్చుని బిగించి వచ్చాను. రెండు నెలల తర్వాత వెళ్తే నాన్న టీవీలో ఉన్న స్పీకర్‌తోనే వార్తలు చూస్తున్నారు, సోఫా వెనక స్పీకర్ మీద కళ్లజోడు పెట్టె ఉంది. సిస్టమ్ రిమోట్‌లో ఏదో బటన్ నొక్కుకుపోయి అది బ్లూటూత్‌లోకి మారిపోయింది, జరిగిందంతా అదే. "పాడైందేమో, నువ్వొచ్చాక చూద్దాంలే అని ఊరుకున్నా" అన్నారు. ఒక్క బటన్ నొక్కితే పని చేసేదానికి రెండు నెలలు మూగనోము.

కాబట్టి వాట్లు, ఛానెళ్లు (ఒక్కో స్పీకర్‌కి వెళ్లే విడి సౌండ్) తర్వాత చూద్దాం, ముందు వాళ్లకి ఏం కావాలో తెలుసుకోండి. అడిగితే "సౌండ్ బాగుండాలి" అంటారు, అందులోంచి మనకి తెలిసేదేమీ లేదు. అందుకే ఒక సాయంత్రం వాళ్లు టీవీ చూస్తుంటే పక్కన కూర్చుని ఊరికే గమనించండి. మాటలు వచ్చినప్పుడు వాల్యూమ్ పెంచి, ఫైటో పాటో మొదలవగానే గబగబా తగ్గిస్తున్నారా? "ఏమన్నాడు వాడు?" అని పక్కవాళ్లని అడుగుతున్నారా? సబ్‌టైటిల్స్ పెట్టమంటున్నారా? అయితే వాళ్లు హోమ్ థియేటర్ అంటున్నారు గానీ అడుగుతున్నది డైలాగ్ అర్థం కావడం గురించి. పెద్దవాళ్లు అడిగేవాటిలో ఎక్కువ భాగం ఇదేనని నా నమ్మకం.

ఇందులో సగం తప్పు టీవీది. పలచటి టీవీల్లో స్పీకర్లు చిన్నవి, పైగా కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి, అంటే మాట మన దగ్గరికి నేరుగా రాకుండా గోడకి తగిలి వస్తుంది. మిగతా సగం చెవిది. వయసుతో ముందుగా తగ్గేది సన్నటి శబ్దాలని, అంటే హై ఫ్రీక్వెన్సీని పట్టుకునే శక్తి. మాటలో అచ్చుల బలమంతా కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, హల్లుల్ని ఒకదాన్నుంచి ఒకటి విడదీసే పలుకు ఎక్కువగా 2000 హెర్ట్జ్ ఆ పైన ఉంటుంది. అందుకే గొంతు వినపడుతుంది, కానీ "పట్టు" అన్నాడో "కట్టు" అన్నాడో "తట్టు" అన్నాడో తేలదు. ఇలాంటి చెవికి బేస్ ఎక్కువున్న సిస్టమ్ కొనిపెడితే ఆ దభేల్ దభేల్ కింద ఉన్న కాస్త మాట కూడా మునిగిపోతుంది. షోరూమ్‌లో మనకి వినిపించేది మాత్రం ఎప్పుడూ ఆ దభేలే.

ఇప్పుడు అంకెలు. 2.1 అంటే కుడి, ఎడమ, ఒక సబ్ వూఫర్. 3.1 అంటే వీటికి తోడు మధ్యలో ఇంకో ఛానెల్. 5.1 అంటే ఇంకా వెనక పక్కల రెండు. పెద్దవాళ్ల కోసమైతే ఈ మధ్య ఛానెలే నాకు అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే 5.1లో మిక్స్ చేసిన సినిమాలో డైలాగ్ చాలావరకు అందులోంచే వస్తుంది. మధ్యలో నిజంగా విడి స్పీకర్ ఉంటే కుర్చీ ఓ పక్కకి ఉన్నా మాట టీవీ దగ్గర్నుంచే వస్తున్నట్టు ఉంటుంది, పైగా చాలా సిస్టమ్స్‌లో ఆ ఒక్క ఛానెల్‌ని మాత్రమే పెంచుకునే సెట్టింగ్ ఇస్తారు. వెనక స్పీకర్ల సంగతి వేరు. అవి కూర్చునేవాళ్లకి రెండు పక్కలా, కొంచెం వెనగ్గా ఉండాలి. సోఫా గోడకి ఆనించి ఉంటే వాటికి చోటే లేదు. వైర్‌లెస్ అని రాసి ఉన్నా ఒక్కోదానికి కరెంటు ప్లగ్ దాదాపు తప్పదు, ఆ మాట పెట్టె మీద పెద్దక్షరాలతో ఉండదు. వార్తలు, సీరియళ్లు ఎక్కువగా స్టీరియోలోనే, అంటే కుడి, ఎడమ రెండు ఛానెళ్లలోనే వస్తాయి కాబట్టి వాళ్లు రోజంతా చూసేది అవే అయితే వెనక స్పీకర్లకి చేతినిండా పని ఉండదు.

అందుకే నా ఓటు మధ్య ఛానెల్ ఉన్న 3.1 సౌండ్‌బార్‌కి, అంటే ముందు స్పీకర్లన్నీ ఒకే పొడవాటి పెట్టెలో ఉండి టీవీ కింద పెట్టుకునేదానికి. అదే ధరలో దొరికే 5.1 సెట్‌లో ఆ డబ్బు ఆరు పెట్టెలకి పంచుతారు, ఇందులో ముందున్న మూడు స్పీకర్లు, సబ్ వూఫర్ మీదే పెడతారు. ఒకటే మినహాయింపు: అమ్మకో నాన్నకో పాటలంటే ప్రాణం, సాయంత్రం కళ్లు మూసుకుని వింటారు అంటే సౌండ్‌బార్ వదిలేసి రెండు మంచి బుక్‌షెల్ఫ్ (అరలో పట్టే చిన్న) స్పీకర్లు, వాటిని నడిపే, హెచ్‌డీఎంఐ (టీవీకి కలిపే కేబుల్) పోర్టు ఉన్న ఒక స్టీరియో యాంప్లిఫయర్ చూడండి. యాంప్లిఫయర్ పాతబడితే అదొక్కటే మార్చుకోవచ్చు, స్పీకర్లు ఏళ్ల తరబడి ఉంటాయి. ఏవీ రిసీవర్ (టీవీ, ప్లేయర్లు, అన్ని స్పీకర్లు కలిపే పెద్ద యాంప్లిఫయర్) కూడా బాగుంటుంది గానీ దాని రిమోట్ చూశారా? దాన్ని వాళ్ల చేతిలో పెట్టేముందు ఒకసారి ఆలోచించండి.

వాట్ల గురించి రెండు మాటలు. పెట్టె మీద పీఎంపీఓ (ఒక్క క్షణం ఇవ్వగలదని చెప్పుకునే పవర్) అని వేలల్లో అంకె కనిపిస్తే పట్టించుకోకండి, దానికి ఒక కొలతంటూ లేదు. ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే పవర్) అంకె చూడండి. అది కూడా రెట్టింపైతే సౌండ్ రెట్టింపు కాదు, 50 వాట్లు 100 అయితే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి రెట్టింపుగా అనిపించాలంటే సుమారు పది రెట్ల పవర్ కావాలి. మామూలు గదిలో ఆ తేడా కోసం ఎక్కువ పెట్టడం అనవసరం. పైనుంచి కూడా సౌండ్ వస్తున్నట్టు వినిపించే డాల్బీ అట్మాస్ కూడా అంతే, పైకప్పుకి సౌండ్ కొట్టి కిందికి తెచ్చే స్పీకర్లు ఉన్నవాటిలో సరదాగానే ఉంటుంది, కానీ డైలాగ్ స్పష్టతకి దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

నేను దెబ్బతిన్నది కనెక్షన్ దగ్గర, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. ఏదైనా కొనేముందు టీవీ వెనక పోర్టులకి ఫోటో తీసుకోండి. హెచ్‌డీఎంఐ పోర్టుల్లో ఒకదాని పక్కన ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ని ఆ కేబుల్‌లోనే సౌండ్‌బార్‌కి పంపే ఏర్పాటు) అనో ఈఏఆర్‌సీ అనో ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది కాబట్టి ఆ తర్వాతి టీవీల్లో చాలావాటికి ఉంటుంది, ఈఏఆర్‌సీ దాని తర్వాతి తరం. డిస్క్‌ల నుంచి పూర్తి క్వాలిటీ సౌండ్ కావాలనుకునేవాళ్లకి తప్ప మామూలు ఏఆర్‌సీ చాలు. ఈ ఒక్క కేబుల్‌తో టీవీ ఆన్ చేస్తే సౌండ్‌బార్ కూడా ఆన్ అవుతుంది, టీవీ రిమోట్‌తోనే దాని వాల్యూమ్ పెరుగుతుంది. నాన్న రెండో రిమోట్ ముట్టుకోనక్కర్లేదు. ఇది పని చేయాలంటే టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ (ఒకే రిమోట్‌తో రెండూ నడిచేలా చేసేది) ఆన్ అయి ఉండాలి, అయితే ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టుకుంది: శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్.

ఏఆర్‌సీ లేని పాత టీవీ అయితే ఆప్టికల్ కేబుల్ వాడొచ్చు, సౌండ్ బాగానే వస్తుంది, కానీ వాల్యూమ్ సమాచారం ఆ కేబుల్‌లో వెళ్లదు, సాధారణంగా రెండో రిమోట్ తప్పదు. టీవీకి బ్లూటూత్‌తో కలుపుదాంలే అనుకోకండి, పెదాలు ముందు కదిలి మాట తర్వాత రావచ్చు. ఇంకొకటి, తక్కువ ధర 5.1 సెట్లు కొన్నిటికి వెనక చూస్తే ఆక్స్ (హెడ్‌ఫోన్ పిన్ లాంటిది), యూఎస్‌బీ తప్ప ఏమీ ఉండవు. ఆ ఆక్స్ వైర్‌లో వెళ్లేది రెండు ఛానెళ్లే. దాన్నే అయిదు స్పీకర్లకి పంచి వినిపిస్తారు. పేరుకే 5.1.

చూడ్డానికి వెళ్తే వాళ్లని తీసుకునే వెళ్లండి, మీ చెవితో వాళ్లకి కొనకండి. షాపువాళ్ల డెమో అయ్యాక వార్తలు పెట్టమనండి, ఆ తర్వాత వాళ్లకి బాగా తెలిసిన సినిమాలో వర్షంలోనో జనం మధ్యలోనో మెల్లగా మాట్లాడుకునే సీన్ ఒకటి. వాల్యూమ్ తక్కువలో ఉంచి, ఓ పక్కకి కూర్చోబెట్టి, వాయిస్ మోడ్ (మాటని పైకి తెచ్చే సెట్టింగ్) ఒకసారి ఆన్, ఒకసారి ఆఫ్ చేసి "ఏది తెలుస్తోంది?" అని అడగండి. "రెండూ బాగున్నాయిరా, ఏదో ఒకటి తీసేసుకో" అంటారు, మనకి ఖర్చవుతుందని మొహమాటం. అప్పుడు "ఈ సీన్‌లో ఏమన్నాడో చెప్పండి" అని అడగండి, తేలిపోతుంది. షాపు హాలు వేరు, ఇంట్లో గది వేరు కాబట్టి నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారో లేదో, ఎన్ని రోజుల్లోనో కూడా కనుక్కోండి.

రిమోట్ వాళ్ల చేతికే ఇచ్చి వాల్యూమ్ పెంచమనండి. బార్ మీద అక్షరాలు, అంకెలు కనిపించే డిస్‌ప్లే ఉందో లేదో చూడండి, ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ కాదు. కొన్నిటికి రంగు లైట్లే ఉంటాయి. తెల్లగా వెలిగితే ఒకటి, నీలంగా వెలిగితే ఇంకోటి, రెండుసార్లు మిణుకుమంటే మరోటి, ఇదంతా ఫోన్‌లో అడిగి తెలుసుకోవడం ఎంత నరకమో నాకు తెలుసు.

ఇంటికి తెచ్చాక బార్‌ని అలమారా అరలోకి తోయకండి, ముందు అంచు దాకా లాగి పెట్టండి, టీవీ కింద రిమోట్ సెన్సర్‌కి అడ్డం రాకుండా చూడండి. సబ్ వూఫర్ మూలలో పెడితే బేస్ ఇంకా పెరుగుతుంది, మనకి అక్కర్లేనిదే అది, మూల నుంచి జరిపి లెవెల్ సగానికి తగ్గించండి, పక్కింటివాళ్లు కూడా సంతోషిస్తారు. టీవీ సొంత స్పీకర్ ఆఫ్ చేయండి, లేకపోతే మాట రెండుసార్లు వచ్చినట్టు ఉంటుంది. వాయిస్ మోడ్, నైట్ మోడ్ రెండూ ఆన్ చేసి చూడండి, నైట్ మోడ్ పెద్ద చప్పుళ్లని తగ్గిస్తుంది, చిన్నవాటిని పైకి తెస్తుంది, పేరు చూసి రాత్రికే అనుకోవద్దు. విడి స్పీకర్లయితే ఎరుపు వైర్ ఎరుపుకి, నలుపు నలుపుకి, ఒక స్పీకర్‌కి తిరగబడినా బేస్ పలచబడి, మాట ఎక్కడ్నుంచి వస్తోందో తెలియకుండా పోతుంది.

ఇంత చేసినా "ఏమన్నాడు?" ఆగకపోతే, ఎదురుగా మనం మాట్లాడేటప్పుడు కూడా అదే ప్రశ్న వస్తుంటే, ఇంకా పెద్ద సిస్టమ్ వెతక్కుండా చెవి పరీక్ష చేయించండి. ఆ మాట సున్నితంగా ఎత్తాలి, మా ఇంట్లో అయితే రెండుసార్లు కోపాలొచ్చాయి.

చివరగా, సౌండ్‌బార్ రిమోట్‌ని డ్రాయర్‌లో పెట్టేసి రండి. వెనక వైర్లకి, సెట్టింగ్స్ స్క్రీన్‌కి తీసిన ఫోటోలు మీ ఫోన్‌లో ఉంచుకోండి. ఆ సౌండ్‌బార్ రిమోట్ వెనక చిన్న కాగితం అతికించి "సౌండ్ రాకపోతే ఈ బటన్, డిస్‌ప్లేలో హెచ్‌డీఎంఐ అని వచ్చేదాకా" అని పెద్ద అక్షరాలతో రాయండి. ఆ బటన్ మీద ఎర్ర స్టిక్కర్ ముక్క కూడా.