ఫైర్‌మన్ ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? గదిలో ఎలా ఉండాలంటే

తెలంగాణలో సర్కారు ఫైర్‌మన్ పోస్టులకు రాత పరీక్ష, దేహదారుఢ్య పరీక్షలే ఉంటాయి. ఇంటర్వ్యూ ఎక్కువగా ఎదురయ్యేది ఫార్మా కంపెనీలు, రిఫైనరీలు, గల్ఫ్ ఉద్యోగాల దగ్గర. ఫైర్ అండ్ సేఫ్టీ కోర్సు చేసి మొదటిసారి అక్కడికి వెళ్లేవాళ్ల కోసమే ఇది.

ముందు రోజు గడ్డం తీసేయండి. అందం కోసం కాదు. పొగలోకి వెళ్లేటప్పుడు వేసుకునే బీఏ సెట్ (వీపున గాలి సిలిండర్‌తో ఊపిరి తీసుకునే పరికరం) మాస్కు గడ్డం ఉంటే ముఖానికి సరిగ్గా బిగుసుకోదు, సందుల్లోంచి పొగ లోపలికి వస్తుంది, ఎదురుగా కూర్చున్న ఫైర్ ఆఫీసర్ ముందు చూసేది అదే. ఒరిజినల్ సర్టిఫికెట్లు వరసగా ఫైల్లో పెట్టుకుని అరగంట ముందే గేటు దగ్గరుండండి.

లోపలికెళ్లాక నమస్కారం పెట్టి, కూర్చోమన్నాకే కూర్చోండి. మీ గురించి చెప్పమంటే ఊరు, చదువు, కోర్సులో మీ చేతులతో చేసిన డ్రిల్స్ చెప్పి ఆపేయండి.

తర్వాత మంటల రకాలు అడుగుతారు. ఇక్కడ చాలామంది తడబడతారు, ఎందుకంటే మన దేశంలో క్లాస్ సి అంటే గ్యాస్ మంటలు, అమెరికా పద్ధతిలో అదే క్లాస్ సి అంటే కరెంటు ఉన్న పరికరాల మంటలు. గల్ఫ్ కంపెనీ అయితే "ఏ స్టాండర్డ్ ప్రకారం చెప్పమంటారు సర్?" అని అడగండి, తప్పేమీ కాదు, పైగా మీకు విషయం తెలుసని వాళ్లకు అర్థమవుతుంది. మంటలార్పే సిలిండర్ చేతికిచ్చి వాడి చూపించమంటే కంగారు పడకుండా, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడతానని చెబుతూ, పిన్ను లాగడం, మంట అడుగుకి గురిపెట్టడం, లివర్ నొక్కడం, అటూ ఇటూ ఊపడం వరసగా చూపించండి. సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ అయితే హార్న్‌ని, అంటే గ్యాస్ బయటికొచ్చే గరాటు లాంటి మూతిని, ఉత్త చేత్తో పట్టుకోకండి, ఆ చల్లదనానికి చర్మం దెబ్బతింటుంది.

అసలు పరీక్ష ఈ ప్రశ్నే: "లోపల మనిషి ఇరుక్కున్నాడు, నువ్వొక్కడివే ఉన్నావు, ఏం చేస్తావు?" ప్రాణాలకు తెగించి దూకేస్తానని మాత్రం అనకండి. అలా వెళ్లినవాడు పడిపోతే టీమ్ ఇద్దరిని బయటికి లాగాలి. అలారం కొడతాను, ఎక్కడ ఏం అంటుకుందో కంట్రోల్ రూమ్‌కి చెబుతాను, చుట్టుపక్కలవాళ్లను బయటికి పంపిస్తాను, బీఏ సెట్టూ తోడూ లేకుండా లోపలికి వెళ్లను అని చెప్పండి. "అంటే చూస్తూ నిలబడతావా?" అని గద్దిస్తారు, మీ నిబ్బరం చూడటానికే. గొంతు పెంచకుండా అదే మాట మళ్లీ చెప్పండి.

తెలియనిది అడిగితే "తెలియదు సర్, నేర్చుకుంటాను" అనేయండి. ఊహించి చెబితే ఇంకో రెండు ప్రశ్నల్లో దొరికిపోతారు, ఈ పనిలో తెలియకుండా తెలుసన్నవాణ్ని పక్కన పెట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు.

చివర్లో మీరేమైనా అడుగుతారా అంటే షిఫ్టు ఎన్ని గంటలు, మాక్ డ్రిల్ ఎన్నాళ్లకోసారి, కొత్తవాళ్లకు ఎన్నాళ్లు ట్రైనింగ్ ఇస్తారు అని అడగండి. జీతం సంగతి వాళ్లు ఎత్తాక మాట్లాడండి.