బీరు తియ్యగా ఉంటే సీసాల్లో పోయకండి

మొన్న డల్లాస్‌లో తెలిసినవాళ్ళ ఇంట్లో, వాళ్ళు సొంతంగా కాచుకున్న బీరు సీసా పేలింది. గాజు ముక్క అల్మారా తలుపులో దిగబడింది. సీసాల్లో పోసేరోజు రుచి చూసి, "కాస్త తీపి ఉంది, తర్వాత సర్దుకుంటుందిలే" అనుకున్నారట. సర్దుకోవడమంటే ఇదే.

తీపి అంతా ప్రమాదం కాదు. క్రిస్టల్ మాల్ట్ (తీపి మిగిల్చే మొలకగింజలు) ఎక్కువైనా, స్టౌట్ అనే నల్ల బీరులో లాక్టోజ్ (పాల చక్కెర) వేసినా, హాప్స్ పూల చేదు చాలకపోయినా తియ్యగానే ఉంటుంది. భయపడాల్సింది ఈస్ట్ (చక్కెర తిని ఆల్కహాల్, గ్యాస్ తయారుచేసే సూక్ష్మజీవి) తినకుండా వదిలేసిన చక్కెరకి. చలికి దోసెల పిండి పులవనట్టే, గరాజ్ చల్లబడితే ఏల్ (వెచ్చగా పులిసే రకం బీరు) ఈస్ట్ మందగించి అడుగుకి చేరుతుంది. ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ని బయటికి వదిలే మూతలో) బుడగలు ఆగిపోతాయి. అయిపోయిందనుకుని సీసాల్లో పోసేస్తారు. నేను చూసినవాళ్ళలో ఎక్కువమంది దెబ్బతిన్నది ఇక్కడే. ఎండలు రాగానే ఈస్ట్ మళ్ళీ లేస్తుంది, గ్యాస్‌కి పోయే దారి ఉండదు.

బుడగలు కాదు, హైడ్రోమీటర్ (నీళ్ళని 1.000గా తీసుకుని బీరు సాంద్రత చూపే పరికరం) చూడండి. చక్కెర తగ్గేకొద్దీ అంకె దిగుతుంది. 1.050తో మొదలైన మామూలు ఏల్ 1.010–1.014 దాకా దిగాలి. మూడు రోజుల తేడాతో రెండుసార్లు కొలిచినా అంకె మారకూడదు. అదొక్కటే చాలదు, 1.020 దగ్గర మొండికేసినా అంకె మారదు. నాలుగు పాయింట్ల (అంటే 0.004) చక్కెర మిగిలినా, ప్రైమింగ్ షుగర్ (సీసాలో గ్యాస్ కోసం కలిపే చక్కెర) ఇచ్చేంత గ్యాస్ ఇంచుమించు అదనంగా వస్తుంది.

అనుమానమైతే గ్లాసుడు బీరులో చెంచాడు ఈస్ట్ వేసి, మూత వదులుగా పెట్టి, వెచ్చని చోట మూడు రోజులు ఉంచండి. అది ఎంతకి దిగితే మీ బీరూ అంతకి దిగాలి. మాష్ (మాల్ట్‌ని వేడినీళ్ళలో నానబెట్టడం) 70 డిగ్రీల సెల్సియస్ దాటించి ఉంటే ఆ గ్లాసులో బీరు కూడా పైనే ఆగుతుంది, అప్పుడు కంగారు లేదు.

దిగలేదా, ఫర్మెంటర్‌ని (బీరు పులిసే పాత్రని) ఇంట్లోకి తెచ్చి 20 డిగ్రీల దగ్గర వారం ఉంచండి. మెల్లగా ఊపండి. మూత తీసి గరిటె పెట్టకండి, గాలి తగిలితే తడి అట్ట వాసన వస్తుంది. అప్పటికీ కదలకపోతే చురుగ్గా పులుస్తున్న ఈస్ట్ కలపండి. రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంపుతో చక్కెర కొలిచే పరికరం) అంకె నేరుగా నమ్మకండి, ఆల్కహాల్ ఉంటే ఎక్కువ చూపిస్తుంది. కొలిచిన బీరు తిరిగి పోయొద్దు. ప్రైమింగ్ షుగర్ తూకం వేయండి, 19 లీటర్లకు 110–130 గ్రాములు. చెంచా లెక్కలు వద్దు. ట్విస్ట్ ఆఫ్ సీసాలు వద్దు. సెలవులకి ఇండియాలో ఊరెళ్ళి అక్కడ కాచి చూపిద్దామనుకోకండి, లైసెన్సు లేకపోతే ఎక్సైజ్ కేసే. బుడగలు ఆగాయని సీసాల్లో పోయొద్దు. ఇప్పటికే పోసేశారా, ముఖానికి షీల్డు, చేతులకి మందపాటి గ్లౌజులు వేసుకుని ఫ్రిజ్‌లోకి మార్చండి. బాగా చల్లబడ్డాక ఒక్కొక్క మూతా తీసి సింక్‌లో పారబోయండి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.