డాబా కురుస్తోందా? ముందు నీరు దిగే దారి పట్టుకోండి

మొదటి గట్టి వానకే పడకగది పైకప్పు మీద గోధుమరంగు మరక కనిపిస్తుంది. చాలా ఇళ్ళలో తర్వాత జరిగేది ఒకటే. వానలు తగ్గాక పెయింటర్‌ను పిలిచి, మరక గోకించి, పుట్టీ పెట్టించి, రంగు వేయిస్తారు. మరుసటి ఏడు మృగశిర కార్తె దాటగానే అదే చోట అదే మరక, ఈసారి కాస్త పెద్దదిగా. ఖర్చు అయింది, ఇల్లు మాత్రం కురుస్తూనే ఉంది.

శ్లాబులోకి దిగిన నీరు తిన్నగా కిందికి రాదు. కాంక్రీటులోని పగుళ్ళ వెంట, కరెంటు తీగల కోసం వేసిన పైపుల వెంట పాకి, దారి దొరికిన చోట చుక్కగా రాలుతుంది. కింద మరక ఉన్న చోటికీ పైన నీరు దిగిన చోటికీ మధ్య కొన్ని అడుగుల దూరం ఉండవచ్చు. అందుకే కింది నుంచి చేసే పూతల మీద నాకు నమ్మకం లేదు. మరమ్మతు ఎప్పుడూ డాబా మీద మొదలు కావాలి, కింద ముగియాలి.

మరక ఎప్పుడు తడుస్తోంది?

డాబా ఎక్కే ముందు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే సగం పని తేలిపోతుంది.

వాన పడుతుండగానే చుక్కలు మొదలైతే నీటికి నేరుగా దారి ఉంది. పెద్ద పగులో, నీరు పోయే తూము చుట్టూ ఖాళీయో, యాంటెన్నాకో సోలార్ హీటర్‌కో కొట్టిన బోల్టు రంధ్రమో అయి ఉంటుంది.

వాన వెలిసిన కొన్ని గంటలకో మర్నాటికో చెమ్మ బయటపడితే నీరు ఎక్కడో నిలిచి మెల్లగా ఇంకుతోంది. డాబా మీద పలకలు పరిచిన ఇళ్ళలో ఇది ఎక్కువ. పలకల సందుల్లో పూత రాలిపోయి, నీరు కింది సిమెంటు పరుపులోకి చేరి, రోజుల తరబడి అక్కడే ఉంటుంది. పైకి చూస్తే డాబా పొడిగానే కనిపిస్తుంది. పలకలను కర్ర పిడితో తట్టండి. డొల్ల శబ్దం వచ్చినవాటిని లేపి, కింద శుభ్రం చేసి మళ్ళీ పరిపించాలి. మిగిలినచోట్ల సందులు గీకి కొత్తగా పూరిస్తే సరిపోతుంది. కురుస్తున్న శ్లాబు మీదే కొత్త పలకలు పరిపించడం మాత్రం వద్దు. అప్పుడు తప్పు ఎక్కడుందో వెతకడం కూడా కష్టమవుతుంది.

ఏప్రిల్, మే నెలల్లోనూ మరక తడిగా ఉంటే దానికి వానతో సంబంధం లేదు. పైనున్న నీళ్ళ ట్యాంకు, దాని పైపుల అతుకులు, పై అంతస్తు స్నానాలగది చూడండి. ట్యాంకు నిండి పొర్లిన ప్రతిసారీ దిమ్మె చుట్టూ నీరు నిలుస్తోందేమో గమనించండి. బంతి వాల్వు మార్చితే తీరిపోయే ఇబ్బందికి డాబా అంతా పూత వేయించినవారు ఉన్నారు.

నీరు దిగే చోటు తెలియడం లేదు

నీళ్ళు కట్టి చూడటమే మార్గం. ఎండాకాలంలో, గాలి తక్కువగా ఉన్న రోజు మొదలుపెట్టండి. తూము మూతిలో పాత గుడ్డ కుక్కి, దాని మీద ఇసుక నింపిన ప్లాస్టిక్ సంచి పెట్టండి. డాబాను బంకమట్టి గట్లతో మూడు నాలుగు మడులుగా విడదీయండి. ఒక మడిలో అంగుళం ఎత్తు నీరు నింపి, పిట్టగోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్ గీత గీయండి. పక్కనే ఒక వెడల్పాటి పళ్ళెంలో కూడా నీరు పోసి గీత పెట్టండి. పళ్ళెంలో తగ్గినదంతా ఎండకు ఆవిరైనదే. మడిలో అంతకు మించి తగ్గితే ఆ తేడా శ్లాబులోకి దిగిన నీరు.

ఒక్కో మడికి కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు ఇవ్వాలి. కింద చెమ్మ కనిపించగానే ఆ మడి చుట్టూ సుద్దతో గుర్తు పెట్టి, నీరు తీసేసి, మరోదానికి వెళ్ళాలి. 100 చదరపు అడుగుల మడిలో అంగుళం నీరంటే దాదాపు 236 లీటర్లు, అంటే అంతే కిలోల బరువు. గట్టి శ్లాబుకు ఇది లెక్కలోనిది కాదు. పెచ్చులూడి ఊచలు బయటపడ్డ శ్లాబు మీద మాత్రం ఈ పరీక్ష చేయకూడదు.

ఫ్యాను కొక్కెం దగ్గర చుక్కలు

ముందు ఆ గది కరెంటు ఆపండి. శ్లాబులో పరిచిన పైపులోకి నీరు చేరి, ఫ్యాను పెట్టె దగ్గర దారి దొరికి రాలుతోంది. తీగలు తడిసి ఉంటాయి కనుక మిగిలిన పనులన్నీ దీని తర్వాతే. పెట్టెను సిమెంటుతో మూసేయడం పరిష్కారం కాదు, నీరు పక్క గది ఫ్యాను దగ్గర బయటపడుతుంది. పైన తప్పు సరిచేసి, తీగలను ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాకే ఫ్యాను వేయండి.

గోడ పైభాగాన వరుసగా చెమ్మ చారలు

మరక గది మధ్యలో కాకుండా గోడా శ్లాబూ కలిసే చోట ఉంటే పిట్టగోడ మొదలును అనుమానించాలి. పిట్టగోడ ఇటుకది, శ్లాబు కాంక్రీటుది. ఎండకు రెండూ ఒకేలా సాగవు. వాటి మధ్య సన్నని చీలిక పడుతుంది, వాలు సరిగా లేని డాబాలో నీరు వచ్చి అక్కడే నిలుస్తుంది.

ఆ చీలికను గీకి, దుమ్ము ఊదేసి, సాగే గుణమున్న సీలెంట్‌తో నింపాలి. తర్వాత మూలను సిమెంటు, ఇసుక, పాలిమర్ ద్రావణం కలిపిన మాలుతో ఏటవాలుగా గుండ్రంగా తీర్చాలి. దాని మీద వాటర్ ప్రూఫ్ పూత వేసి, అది పచ్చిగా ఉండగానే ఫైబర్ వల అద్ది, మరో పూత వేయాలి. పూత గోడ మీదికి అడుగు ఎత్తు వరకు రావాలి. చాలామంది మేస్త్రీలు నేల వరకే వేసి ఆపుతారు, దగ్గరుండి చూసుకోండి. పిట్టగోడ నెత్తిన కూడా పగుళ్ళు పూడ్పించి, వాలు డాబా వైపు ఉండేలా చేయిస్తే బయటి గోడ రంగు కూడా నిలుస్తుంది.

వాన తర్వాత డాబా మీద మడుగులు

తూము జాలీలో ఆకులు, పావురాల ఈకలు, ప్లాస్టిక్ కవర్లు ఇరుక్కుని ఉంటే పది నిమిషాల పని. మే చివర ఒకసారి, వానకాలం మధ్యలో నెలకోసారి తీయండి. కోస్తాలో అక్టోబరు, నవంబరు వానలూ తుపానులూ ఉంటాయి కనుక దసరా లోపు ఇంకోసారి చూడాలి.

తూము శుభ్రంగా ఉన్నా నీరు కదలకపోతే వాలు చాలదన్నమాట. 10 అడుగులకు కనీసం అంగుళం పైచిలుకు పల్లం ఉండాలి. అక్కడక్కడా గుంటలే ఉంటే వాటిని పాలిమర్ మాలుతో నింపవచ్చు. డాబా అంతా తప్పు వాటంలో ఉంటే వాలు మళ్ళీ పోయించాల్సిందే. అయితే మందంగా కాంక్రీటు పోస్తే పాత శ్లాబు మీద బరువు పెరుగుతుంది, ఇంజనీరును అడిగాకే ఆ పని పెట్టుకోండి.

సన్నని పగుళ్ళు, ఎండాకాలంలో గది కొలిమిలా ఉండటం

ఈ రెంటినీ కలిపి చెబుతున్నది మూలం ఒకటే కనుక. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. డాబా రోజంతా ఎండలో కాగి, రాత్రి చల్లారి, ఒక సాయంత్రం హఠాత్తుగా వడగళ్ళ వానకు తడుస్తుంది. 10 మీటర్ల శ్లాబు 30 డిగ్రీల తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. ఏటేటా జరిగే ఈ సాగుడుకు పైపూత చీలుతుంది. శ్లాబుకు సరిగ్గా కింద బయటి గోడ మీద అడ్డంగా ఒక పగులు పడటానికీ ఇదే కారణం. ఆ పగులును ఎన్నిసార్లు గట్టి సిమెంటుతో నింపినా మరుసటి వేసవికి మళ్ళీ తెరుచుకుంటుంది. సాగే సీలెంట్ వాడాలి.

డాబా మీది పగుళ్ళను పైన పూసి వదలకుండా, ఉలితో ఇంగ్లీషు వి ఆకారంలో కొద్దిగా వెడల్పు చేసి, దుమ్ము తీసి, పాలిమర్ మాలుతో నింపాలి. ఆ తర్వాత డాబా మొత్తానికి సాగే తెల్లటి అక్రిలిక్ పూత వేయిస్తే నీరూ వేడీ రెండూ తగ్గుతాయి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది, శ్లాబు తక్కువ కాగుతుంది, తక్కువ సాగుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించడానికి వెనుక ఉన్నదీ ఈ సూత్రమే. ఖర్చు పెట్టలేనివారు సున్నం పూత వేసుకున్నా వేసవికి ఉపశమనమే. అది వానలకు కొట్టుకుపోతుంది, నీటిని ఆపదు.

పూతకు తగిన కాలం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. వానల మధ్య తెరిపి చూసుకుని వేయించిన పూతలు బుడగలు లేచి, పొరలుగా ఊడివస్తాయి, ఎందుకంటే శ్లాబులో ఇంకా తడి ఉంటుంది. అది తెలుసుకోవడానికి అడుగున్నర చదరం పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో నేలకు అంటించి రాత్రంతా ఉంచండి. పొద్దున దాని అడుగున నీటి బిందువులు కనిపిస్తే పూతకు ఇంకా వేళ కాలేదు. మే ఎండలో మధ్యాహ్నం కూడా వేయించకూడదు, పూత అంటుకునే లోపే ఆరిపోతుంది.

పెచ్చులు ఊడిపడుతున్నాయి, తుప్పు ఊచలు కనిపిస్తున్నాయి

ఇందులో జాప్యం వద్దు. కింద మంచం, ఉయ్యాల, పిల్లల చదువు బల్ల ఉంటే ఈరోజే జరపండి.

ఊచకు తడి, గాలి తగిలి తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. లోపలి నుంచి వచ్చే ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పగిలి పెచ్చుగా రాలుతుంది. కాంక్రీటు కట్టడాలకు మన దేశం పాటించే ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం మామూలు వాతావరణంలో కూడా శ్లాబు ఊచ కింద సాధారణంగా 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. పోత రోజున ఊచను ఎత్తి పట్టే కవరింగ్ బిళ్ళలు పెట్టకుండా ఊచను సెంట్రింగు రేకు మీదే వదిలేసిన ఇళ్ళలో అంత ఉండదు. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల సముద్రపు గాలిలోని ఉప్పు ఈ పనిని మరింత తొందర చేస్తుంది.

పడిపోయిన చోట సిమెంటు అద్ది రంగేయడం ప్రమాదాన్ని కప్పిపెట్టడమే. ముందు పైనుంచి నీరు ఆపాలి. తర్వాత చిన్న సుత్తితో తడుతూ, డొల్లగా పలికిన కాంక్రీటునంతా తీసేయాలి. ఊచ చుట్టూ వెనక వైపు కూడా తీసి, ఇనుము మెరిసేదాకా తీగ బ్రష్షుతో రుద్దాలి. తుప్పు నిరోధక పూత, పాతా కొత్తా కాంక్రీటు అతుక్కునే పూత, ఆపైన పాలిమర్ మాలు పొరలు పొరలుగా వేయాలి. ఊచ అక్కడక్కడా సన్నబడినా, శ్లాబు మధ్యలో కుంగినట్టు కనిపించినా మేస్త్రీ స్థాయి దాటిపోయింది. స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చేదాకా కింద పోట్లు (శ్లాబును మోసే నిలువు కర్రలు) పెట్టించి, ఆ గది వాడకండి.

పిట్టగోడలో రావి మొక్క

పిట్టలు వేసిన గింజ పగుల్లో పడి మొలుస్తుంది. కోసేస్తే మళ్ళీ చిగురిస్తుంది, వేరు ఏటా లావెక్కి పగులును వెడల్పు చేస్తుంది. జానెడు ఉన్నప్పుడే, వానకు గోడ నానిన రోజున వేరుతో లాగేయండి. పెద్దదైతే చుట్టూ రెండు మూడు ఇటుకలు తీసి వేరు మొత్తం తవ్వి, మళ్ళీ కట్టించాలి. వేరు చావాలని ఉప్పు, యాసిడ్ పోయడం కొందరికి అలవాటు. శ్లాబు దగ్గర ఆ పని చేయకండి, అవి ఊచలను తింటాయి.

రేకులు, పెంకులు

రేకుల ఇంట్లో బోల్టు దగ్గర నుంచి కారితే వాషరు ఎండి చిట్లి ఉంటుంది. మార్చి, రేకు చిట్లకుండా తగినంతే బిగించాలి. బోల్టు ఎప్పుడూ రేకు మిట్ట మీద ఉండాలి, పల్లంలో ఉంటే నీరంతా దాని మీదుగానే పోతుంది. సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టకండి, పాతబడ్డది ఒక్కసారిగా విరుగుతుంది. కింద దూలాలున్న చోట పలక అడ్డంగా వేసి, దాని మీద నడవాలి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది కనుక పొడిగా గీకడం, కోయడం ఊపిరితిత్తులకు చేటు. తీర ప్రాంతాల వారు కొక్కేలు, కట్లు అక్టోబరుకు ముందే సరిచూసుకోవాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఉత్తరాంధ్రలో రేకులు ఎలా ఎగిరిపోయాయో అక్కడివారికి బాగా తెలుసు.

పెంకుటిళ్ళలో ఎక్కువ నష్టం కోతుల వల్లే. అవి దూకినప్పుడు పెంకు పగలకపోయినా పక్కకు జరుగుతుంది. పగటిపూట అటకెక్కి, లైటు ఆపి పైకి చూస్తే వెలుతురు పడే ప్రతి సందూ నీరు దిగే సందే. మేలో పెంకు సర్దించి, ఇలాంటి పెంకులు ఇప్పుడు సులువుగా దొరకవు కనుక కొన్ని పక్కన దాచుకోండి.

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఇనుప రేకు కింద చుక్కలు రాలితే రంధ్రాల కోసం వెతకకండి. రాత్రి రేకు బాగా చల్లబడి, గదిలోని ఆవిరి దానికి తగిలి నీరవుతోంది. వంట ఆవిరి బయటికి పోయే దారి, గోడ పైభాగాన గాలి ఆడే సందు ఉంటే చాలావరకు తగ్గుతుంది.

పని ఒప్పుకునేటప్పుడు

ఏ పూత, ఎన్ని పూతలు, మూలలకు వల వేస్తారా, పిట్టగోడ ఎంత ఎత్తు వరకు వేస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోండి. రెండో పూత మొదటిదానికి అడ్డంగా వేయాలని, రెంటి మధ్య డబ్బా మీద రాసినంత వ్యవధి ఇవ్వాలని ముందే చెప్పండి. పూత పూర్తిగా ఆరాక మళ్ళీ 48 గంటలు నీళ్ళు కట్టి చూపించాలని, చివరి వాయిదా డబ్బు ఆ తర్వాతే ఇస్తామని బేరం రోజునే తేల్చుకోండి.