అల్గార్వ్ వెళ్తున్నారా? కొండ నీడలో కూర్చోవద్దు

పోర్చుగల్ దక్షిణ తీరం అల్గార్వ్‌లో సెలవులు గడుపుతున్న ఒక తెలుగు కుటుంబం ఫొటో మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. బంగారు రంగు కొండ, దాని నీడలో దుప్పటి పరుచుకుని పులిహోర తింటున్న నలుగురు. వెనకనే, రాళ్లు పడుతున్న బొమ్మతో హెచ్చరిక బోర్డు. ఫొటో భలే ఉందన్నారు అందరూ. బోర్డు ఒక్కరి కంటా పడలేదు.

పాస్‌పోర్టు, బీమా, జేబుదొంగల సంగతులు మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. కొండ నీడలో కూర్చోవద్దు. ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను.

2009 ఆగస్టు 21న అల్బుఫెయిరా దగ్గరి ప్రయా మరియా లుయీజా బీచ్‌లో కొండరాయి కూలి ఐదుగురు చనిపోయారు. అది తుఫాను రోజు కాదు, జనం పిల్లలతో బీచ్‌కు వచ్చే మామూలు వేసవి రోజు. మన విశాఖలోనో సూర్యలంకలోనో భయమంతా అలలతోనే కాబట్టి మన చూపు నీళ్ల మీదే ఉంటుంది. అల్గార్వ్‌లో వీపు వెనక ఉన్నదాన్ని కూడా చూసుకోవాలి.

అక్కడి కొండచరియలు చాలావరకు మెత్తని సున్నపురాయి. అడుగుభాగాన్ని సముద్రం కోస్తుంటే, పైనుంచి ఇంకే వాననీరు లోపలి రాయిని కరిగిస్తుంటుంది. బయటికి మాత్రం గోడలా గట్టిగా కనిపిస్తుంది. లాగోస్ పక్కన పొంటా ద పియెదాద్‌లో మనం ఫొటో తీసుకునే తోరణాలు, స్తంభాలు అన్నీ ఇలా కోసుకుపోగా మిగిలిన రాళ్లే. బెనాజిల్ గుహలోకి వెలుగు దిగే ఆ గుండ్రటి కన్ను కూడా పైకప్పు కూలిన చోటే.

కొండ ఎంత ఎత్తుంటే దానికి ఒకటిన్నర రెట్ల దూరంలో కూర్చోవాలి. 20 మీటర్ల కొండకు 30 మీటర్లు. బీచ్‌లో అంత ఇసుక లేకపోతే చూసి వచ్చేయండి, అది దుప్పటి పరిచే చోటు కాదు. ఇంకో చిక్కు ఉంది. ఉదయం దూరంగానే కూర్చుంటారు. పోటు వచ్చేకొద్దీ ఇసుక తగ్గుతుంది, బ్యాగులు తడుస్తాయని అందరూ వెనక్కి జరుగుతారు. మధ్యాహ్నానికి ఎండా ముదురుతుంది, కొండ కిందే నీడ ఉంటుంది. ఎవరూ అనుకుని వెళ్లరు, అలా జరుగుతూ జరుగుతూ చేరిపోతారు. అందుకే ఆ రోజు ఆటుపోట్ల వేళలు చూసుకుని, నీళ్లు వెనక్కి తగ్గుతున్నప్పుడు బీచ్‌కు దిగండి. గొడుగు మీతో తీసుకెళ్లండి, లేదా అక్కడే అద్దెకు తీసుకోండి.

మధ్యాహ్నపు ఎండకు అసలు బీచ్ ఎందుకు? ఆ వేళకు పైకప్పు ఉన్న చారిత్రక స్థలాలు పెట్టుకోండి. ఫారోలో కార్మో చర్చి వెనక 1816 నాటి ఎముకల ప్రార్థనామందిరం ఉంది, గోడల నిండా వెయ్యికి పైగా పుర్రెలు. చిన్నపిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి. లాగోస్‌లో బానిసల సంత జరిగిన చోట ఇప్పుడు మ్యూజియం ఉంది. 1444లో ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన మనుషులను ఈ ఊళ్లోనే పంచుకున్నారు. ఆ చరిత్ర చూడకుండా పడవ షికారు చేసి వచ్చేవాళ్లంటే నాకు కొంచెం కోపమే.

సిల్వెస్ ఎర్రరాతి కోట ఉదయాన్నే చూడండి. గోడ మీద నడిచేటప్పుడు లోపలివైపు పట్టుకోవడానికి ఏమీ లేని చోట్లు ఉన్నాయి, పిల్లల చెయ్యి వదలొద్దు. పోర్చుగల్ సముద్రయానాలకు అండగా నిలిచిన హెన్రీ యువరాజు 1460లో కన్నుమూసిన సాగ్రెస్‌లో కోటగోడ నేలవైపే ఉంటుంది. మిగతా దిక్కుల్లో కొండ అంచు, దాని కింద అట్లాంటిక్. గాలి ఈడ్చి కొడుతుంది. టోపీ ఎగిరిపోతే పోనివ్వండి, వెంటపడవద్దు.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

సావ్ విసెంట్ లైట్‌హౌస్ దగ్గర సూర్యాస్తమయం కోసం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోవద్దు.

కంచె దాటవద్దు. అవతల చాలామంది నిలబడి ఉన్నా సరే.

కొండ పైన నడిచేటప్పుడు గుర్తులు పెట్టిన దారి వదలొద్దు. పొదల మధ్య కిందికి నూతుల్లా దిగే రంధ్రాలుంటాయి.

బెనాజిల్ గుహలోకి ఈదుకుంటూ వెళ్లడం, లోపలి ఇసుక మీద దిగడం 2024 నుంచి నిషేధం. పాత వీడియోలు చూసి, లోపలికి దింపమని పడవవాళ్లతో బేరమాడవద్దు. గైడ్ లేకుండా కయాక్ వద్దు, లైఫ్ జాకెట్ లేకుండా అసలే వద్దు.

లాగోస్ బీచ్‌ల మధ్య రాతి సొరంగాల్లోంచి అవతలికి వెళ్లారా, పోటుకు ముందే ఇవతలికి రండి.

ఎర్రజెండా ఉంటే నీళ్లలోకి దిగవద్దు. పసుపు జెండా ఉంటే ఈదవద్దు.

పాత వీధుల్లో పరిచిన రాళ్లు తడిస్తే జారతాయి. అత్తమామలను తీసుకెళ్తే వాళ్లకు పట్టున్న బూట్లు కొనండి, చెప్పులు వద్దు.

పైనుంచి చిన్న గులకరాళ్లు రాలుతుంటే సామాన్లు సర్దుకోవద్దు. లేచి నీళ్లవైపు పరుగెత్తండి, తర్వాత అక్కడి అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి.

నిన్న అక్కడే కూర్చున్నాం, ఏమీ కాలేదు అని నాకు చెప్పవద్దు.

పసిపిల్ల నిద్రపోతోందని ఐదు నిమిషాలు కూడా వద్దు. కొండ నీడలో కూర్చోవద్దు.