విండోస్ పక్కనే లినక్స్: డిస్క్‌లో దేనికి ఎంత చోటివ్వాలి

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు మనవాళ్ళ ఇళ్ళలో చాలాచోట్ల ఒకటే లాప్‌టాప్, షాపు బిల్లులూ పిల్లల అప్లికేషన్లూ అన్నీ అందులోనే, కాబట్టి విండోస్ తీసేయకుండా పక్కన లినక్స్ (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకోండి. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ అనుకుని లెక్క చెబుతాను.

ముందు ఫైళ్ళన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, విండోస్ పవర్ సెట్టింగుల్లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. సి డ్రైవ్‌ని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే కుదించి 250 జీబీ ఖాళీ చేయండి, దాన్ని ఫార్మాట్ చేయకుండా అలాగే వదిలేయండి.

లినక్స్ ఇన్‌స్టాలర్‌లో మాన్యువల్ ఎంచుకుంటే ఫ్యాట్32 ఫార్మాట్‌తో చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్ళుండే డిస్క్ భాగం) కనిపిస్తుంది. అదే వాడుకోవాలి. ఫార్మాట్ టిక్ పెట్టారో, విండోస్ బూట్ కాదు.

రూట్‌కి, అంటే లినక్స్ సిస్టమ్, యాప్‌లు ఉండే పార్టిషన్‌కి 60 జీబీ, ఫార్మాట్ ఈఎక్స్‌టీ4. పాతిక చాలంటారు గానీ, ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లూ (అన్ని లినక్స్‌లలోనూ నడిచే ప్యాకేజీలు) పాత కెర్నల్‌లూ (సిస్టమ్ గుండెకాయ పాత వెర్షన్లు) పేరుకుపోయి రూట్ నిండితే అప్‌డేట్లు ఆగిపోతాయి, అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్. స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు) వేరే పార్టిషన్ అక్కర్లేదు, ఉబుంటు లాంటి లినక్స్ అయితే స్వాప్ ఫైల్ తనే పెట్టుకుంటుంది. హైబర్నేట్ (తెరిచిన పనంతా డిస్క్‌లో దాచి మెషీన్ ఆపడం) కావాలంటే మాత్రం ర్యామ్ ఎంతో కనీసం అంత స్వాప్ ఉండాలి. వార్ (/var), టెంప్ (/tmp) అనే సిస్టమ్ ఫోల్డర్లకి వేరే పార్టిషన్లు సర్వర్లు నడిపేవాళ్ళ గొడవ, మనకెందుకు.

హోమ్ (మీ సొంత ఫైళ్ళుండే చోటు) మాత్రం తప్పకుండా వేరుగా పెట్టండి. రేపు ఇంకో లినక్స్ వేసినా, హోమ్‌కి ఫార్మాట్ టిక్ తీసేసి పాత యూజర్ పేరే ఇస్తే ఫైళ్ళు అలాగే ఉంటాయి, మీరు హోమ్‌లో దింపుకున్న తెలుగు, ఒడియా ఫాంట్లతో సహా.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది. రూట్ వెనకే హోమ్ అతుక్కుని ఉంటే, తర్వాత రూట్ పెంచాలన్నప్పుడు లైవ్ యూఎస్‌బీతో (లినక్స్ నేరుగా నడిచే పెన్‌డ్రైవ్) బూట్ చేసి, పార్టిషన్లు మార్చే జీపార్టెడ్‌లో హోమ్ మొత్తాన్ని వెనక్కి జరపాలి, డేటా ఎక్కువుంటే గంటలు పడుతుంది, మధ్యలో వేసవి గాలివానకి కరెంటు పోయి, అది యూపీఎస్ లేని డెస్క్‌టాప్ అయితే, డేటా మీద ఆశ వదులుకోవడమే. అందుకే రూట్ తర్వాత 30 జీబీ ఉత్త పార్టిషన్ ఒకటి చేసి, మౌంట్ పాయింట్ (అది ఏ ఫోల్డర్‌గా కనిపించాలో) ఇవ్వకుండా వదిలి, దాని తర్వాత మిగిలిన 160 జీబీ హోమ్‌కి ఇవ్వండి. అవసరమైనప్పుడు ఆ ఉత్తది చెరిపేసి రూట్‌ని అందులోకి పెంచితే సరి, ఏ డేటా కదలదు కాబట్టి నిమిషాల పని.