అడవి తరగకుండా ఏటా కలప తీయాలంటే

అడవిలో రంపం మోగే ముందు టేపుతో పని ఉంది. మొత్తం ఎంత కలప నిలిచి ఉంది, ఏడాదికి ఎంత పెరుగుతోంది అన్న రెండు లెక్కలు తేలితే తప్ప ఎన్ని చెట్లు కొట్టొచ్చో ఎవరూ చెప్పలేరు. పెరిగినంతలోనే తీసుకోవాలన్న ఆలోచన పాతదే, గనులకీ కొలిమిలకీ చుట్టుపక్కల అడవులన్నీ ఖాళీ అయిపోతుంటే జర్మనీలోని సాక్సనీలో గనుల అధికారిగా ఉన్న హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్స్ 1713లోనే ఈ మాట గట్టిగా రాశాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా చాలాచోట్ల కొలవకుండానే కొట్టేస్తున్నారు, నాకు బాధ కలిగించేది అదే.

అడవంతా కొలవనక్కర్లేదు. 12.62 మీటర్ల తాడుతో వలయం గీస్తే 500 చదరపు మీటర్లు వస్తుంది, అంటే హెక్టారులో ఇరవయ్యో వంతు, అందులో తేలిన లెక్కని 20తో గుణిస్తే హెక్టారు లెక్క వచ్చేస్తుంది. ఈ వలయాలు ఎక్కడెక్కడ వెయ్యాలో ముందే మ్యాపు మీద సమాన దూరాల్లో గుర్తు పెట్టుకోండి, అడవిలోకి వెళ్లాక ఎంచుకుందాం అనుకుంటే కాళ్లు వాటంతటవే మంచి చెట్లున్న వైపు పోతాయి. నేల వాలుగా ఉంటే తాడుని వాలు వెంట కాకుండా అడ్డంగా, మట్టంగా పట్టి కొలవాలి.

వలయంలో పడిన ప్రతి చెట్టుకీ నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత తీయండి. ఉదాహరణకి చుట్టుకొలత 126 సెంటీమీటర్లు అనుకుందాం. 3.14తో భాగిస్తే వ్యాసం 40, ఆ చోట కాండం అడ్డకోత వైశాల్యం సుమారు 0.126 చదరపు మీటర్లు. చెట్టు ఎత్తు 20 మీటర్లయితే రెండూ గుణించి, కాండం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి మళ్లీ 0.45తో గుణించండి, దాదాపు 1.13 ఘనపు మీటర్లు తేలుతుంది. ఈ 0.45 ముతక లెక్క. మీ జాతి చెట్లకి తయారు చేసిన పట్టికలు దొరికితే వాటినే వాడండి.

పెరుగుదల తెలియాలంటే అవే వలయాలకి మళ్లీ రావాలి. మధ్యలో ఇనుప మేకు దిగ్గొట్టి, టేపు పెట్టిన చోట కాండానికి పెయింట్ గీత వేసి ఉంచితే ఐదేళ్ల తర్వాత సరిగ్గా అక్కడే కొలవొచ్చు. 100 హెక్టార్లలో హెక్టారుకి ఏటా 4 ఘనపు మీటర్లు పెరుగుతోందని తేలితే మొత్తం 400. అదంతా తీసుకోవచ్చని సంబరపడకండి! వాగుల ఒడ్లు, నిటారు వాలులు, విత్తనాల కోసం వదిలే చెట్లు, వాటంతటవే చచ్చిపోయేవి తీసేస్తే ఏ 300కో దిగుతుంది, ఇదివరకే బాగా నరికేసిన అడవైతే అది కోలుకునేదాకా అంతకన్నా తక్కువే తీయాలి.

ఇక గుర్తులు పెట్టడం. అడవి నాశనమయ్యేది ఎక్కువగా ఇక్కడే, ఎందుకంటే నిటారుగా, లావుగా, చేవదేరిన చెట్లన్నీ ముందు కొట్టేసి వంకరవీ పుచ్చువీ వదిలేస్తారు, ఆ తర్వాత విత్తనం రాలేది ఆ మిగిలిన వాటి నుంచే. కాబట్టి ముందు ఉంచాల్సిన చెట్లకి పెయింట్ వెయ్యండి. నిటారు కాండం, నిండైన తల, దెబ్బ తగలని బెరడు ఉన్నవి చూసుకోండి. తర్వాత అలా ఉంచిన ఒక్కో చెట్టు కింద నిలబడి తలెత్తి చూస్తే ఏ పక్క చెట్టు కొమ్మలు దీని తలని నొక్కుతున్నాయో కనిపిస్తుంది, ఆ ఒకటో రెండో తీస్తే చాలు, కొట్టాల్సిన వాటికి మొదట్లో వేరే గుర్తు పెట్టి రిజిస్టరులో రాసుకోండి. దీనికి అడ్డురాని చిన్న చెట్లని ఉండనివ్వండి, వాటి నీడకి కింది కొమ్మలు ఎండి రాలిపోయి కాండం ముడులు లేకుండా తయారవుతుంది. ఒకేసారి మరీ పలచన చేస్తే మాత్రం పెద్ద గాలికి మిగిలినవి కూలిపోతాయి.

కొట్టే పనికి నేల ఆరి ఉన్న రోజులే మంచివి. తడి నేల మీద బండ్లు తిరిగితే మట్టి గట్టిపడి, వేళ్లకి గాలీ నీరూ అందవు. దుంగలు లాగే దారులు ముందే గుర్తించి, వాటిని దాటి బండి పోకుండా చూడండి. చెట్ల మధ్య అల్లుకున్న తీగల్ని కొన్ని నెలల ముందే తెంపేస్తే ఒక చెట్టు పడుతూ పక్కవాటిని లాగెయ్యదు. పడాల్సిన వైపు గాటు పెట్టి, వెనక నుంచి కోసేటప్పుడు మధ్యలో వ్యాసంలో పదో వంతు కొయ్యకుండా వదలాలి, 40 సెంటీమీటర్ల చెట్టుకి 4 సెంటీమీటర్లు. చెట్టు పడే దిశని ఆ పట్టీయే నడిపిస్తుంది. హెల్మెట్ లేకుండా, ఒంటరిగా ఈ పనికి దిగొద్దు.

కొత్త మొక్కల సంగతికొస్తే, కొన్ని జాతులు నిండు ఎండ ఉంటేనే లేస్తాయి, కొన్నిటికి నీడ కావాలి, ఎంత ఖాళీ చెయ్యాలన్నది దాన్ని బట్టే ఉంటుంది. మోడు నుంచి పిలకలేసే జాతైతే నేలకి దగ్గరగా, వాన నీరు నిలవకుండా కాస్త వాలుగా కొయ్యండి. మొక్కలు పశువుల నోటికి అందని ఎత్తుకి ఎదిగేదాకా మేత ఆపాలి. తొర్రలున్న పాత చెట్లు కొన్ని పక్షుల కోసం వదలండి.

కూపు (ఆ ఏడాది చెట్లు కొట్టే అడవి భాగం) పని అయ్యాక మోళ్లు లెక్కపెట్టి, గుర్తుల రిజిస్టరుతో సరిచూడండి. గుర్తు లేని మోడు కనిపిస్తే దాని కలపని వచ్చే ఏడాది కోటాలోంచి తీసేయాలి. ఎనిమిదేళ్లకో పదేళ్లకో మొత్తం లెక్క మళ్లీ వెయ్యండి, మధ్యలో మంటలో గాలివానో వస్తే మాత్రం అప్పటిదాకా ఆగకుండా వెంటనే కొలిచి కోటా మార్చండి.